యోవాబు చేతికి వచ్చిన ఉత్తరం

వాక్యభాగం: 2 సమూయేలు 11, 12 అధ్యాయాలు; కీర్తన 32; కీర్తన 105:12-15



నేను పనిచేసేది ఐర్లండ్‌లో, కార్క్ దగ్గర రింగాస్కిడీలో, ఒక మందుల ఫ్యాక్టరీలో. మందులు తయారుచేసేవాళ్లు వేరే ఉన్నారు. ఆ తయారీ రికార్డులు ఉండే కంప్యూటర్లు చూసుకోవడం నా పని. చేరిన మొదటి వారంలోనే మాకు ఒక నియమం నేర్పారు. కాగితం మీద తప్పు రాస్తే దాన్ని కొట్టేసి కనబడకుండా చేయకూడదు. తెల్ల ఇంకు పూయకూడదు, పేజీ చింపకూడదు. తప్పు మీద ఒకే ఒక గీత గీయాలి. కింద ముందు రాసింది ఎవరైనా చదవగలిగేలా ఉండాలి. పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు, తేదీ, దిద్దిన కారణం వేయాలి. కంప్యూటర్లోనూ ఇంతే. ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో అంతా ఆడిట్ ట్రెయిల్‌లో ఉండిపోతుంది. తప్పు రాసినవాడికి మళ్లీ ట్రైనింగ్ ఇస్తారు. తప్పును మాయం చేసినవాడి ఉద్యోగమే పోవచ్చు. ఎందుకంటే ఆ మందు ఎక్కడో ఒక రోగి ఒంట్లోకి వెళ్తుంది.

మధ్యాహ్నం భోజనం చేసి బయటికొస్తే నీళ్లకు అవతల కోవ్ పట్టణం కనిపిస్తుంది. ఇళ్లన్నిటికీ పైన సెయింట్ కోల్మన్ కెథెడ్రల్ గోపురం ఉంటుంది. ఆ గోపురానికీ మా ఆఫీసు నియమానికీ ఉన్న సంబంధం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు వాక్యంలోకి వెళ్దాం.

1. రాజు పాపం ఒక సాయంత్రం, దాచడం నెలల తరబడి

దావీదు, బత్షెబల సంగతి మనకు సండే స్కూల్ నుంచి తెలుసు. అందుకే మనం దాన్ని నిదానంగా చదవం. ఈసారి ఒక పని చేయండి. 2 సమూయేలు 11వ అధ్యాయం తెరిచి, "పంపించడం" అనే మాట వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ చదవండి. దావీదు సైన్యాన్ని యుద్ధానికి పంపిస్తాడు, తాను మాత్రం యెరూషలేములో ఉండిపోతాడు. ఆ స్త్రీ ఎవరో కనుక్కోమని పంపిస్తాడు. ఆమెను తీసుకురావడానికి మనుషుల్ని పంపిస్తాడు. గర్భవతినయ్యానని ఆమె కబురు పంపిస్తుంది. ఊరియాను పంపమని యోవాబుకు కబురు పంపిస్తాడు. ఉత్తరం రాసి పంపిస్తాడు. యుద్ధవార్త యోవాబు పంపిస్తాడు. చివరికి ఆమెను ఇంటికి తెప్పించుకోవడానికి మళ్లీ పంపిస్తాడు. రాజు అంటే ఇదే. ఆయన ఉన్న చోటు నుంచి కదలడు, ఆయన మాట మీద మనుషులు కదులుతారు.

ఆ కాలంలో రాజు పైన కోర్టు లేదు, పత్రిక లేదు, ఎన్నిక లేదు. ఈ రోజుల్లో మనం నియంతృత్వం అనే పాలనలో ఉండే అధికారమంతా ఆయన చేతిలో ఉంది. అలాంటి మనిషి పాపాన్ని ఎలా దాస్తాడో పరిశుద్ధాత్మ దేవుడు ఒక్కో మెట్టు చొప్పున రాయించాడు.

మొదటి ప్రయత్నం మర్యాదగా ఉంటుంది. ఊరియాను పిలిపించి యుద్ధం సంగతులు అడిగి, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమని, వెనకే బహుమానం కూడా పంపిస్తాడు. ఊరియా వెళ్లడు. మందసమూ తోటి సైనికులూ గుడారాల్లో ఉండగా తాను ఇంటికెలా వెళ్తానంటాడు. రెండోసారి దావీదు అతనికి తాగించి చూస్తాడు. అప్పుడూ వెళ్లడు. మూడోది ఉత్తరం. ఊరియాను పోరు ముమ్మరంగా ఉన్న చోట నిలబెట్టి వెనక్కి తగ్గమని యోవాబుకు రాసి, ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపిస్తాడు. అతను విప్పి చదవడని దావీదుకు నమ్మకం. అతని నిజాయితీనే అతని మీద ఆయుధంగా వాడుకున్నాడు.

ఇక్కడ మనం దాటిపోయే వచనం ఒకటుంది. 11:17 చూడండి. ఊరియా ఒక్కడే చావలేదు, దావీదు సేవకుల్లో మరికొందరు కూడా చనిపోయారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. ఒక్క మనిషి పరువు కోసం, ఏ సంబంధమూ లేని ఇళ్లలో ఏడుపులు వినబడ్డాయి. కబురు విన్న రాజు, కత్తి ఒకడినని చూడదు, ఎవరినైనా తినేస్తుంది అన్న అర్థంలో యోవాబును ఓదార్చమంటాడు. ఒకప్పుడు సౌలు చనిపోతే బట్టలు చింపుకున్న దావీదేనా ఇలా మాట్లాడింది? దాచడం మొదలుపెట్టిన మనిషి గుండె ఎంత త్వరగా మొద్దుబారుతుందో చూడండి.

2. ఆ రాజభవనంలో ఎంతమందికి తెలుసు?

ఈ అధ్యాయం మీద ప్రసంగాలు దాదాపు ఎప్పుడూ దావీదు గురించే ఉంటాయి. కళ్లను కాపాడుకోండి, ఖాళీగా కూర్చోకండి, మేడ మీద తిరగకండి అని చెప్తారు. అవి మంచి మాటలే. కానీ మనలో ఎంతమంది రాజులు? మనలో ఎక్కువమంది నిలబడే చోటు వేరు.

లెక్కపెడదాం. ఆ స్త్రీ ఎవరో చెప్పినవాడికి తెలుసు. ఆమె ఊరియా భార్య కదా అని అతను ప్రశ్నలాగా అన్నాడు (11:3). ఆ అధ్యాయమంతటిలో రాజుకు అడ్డంపడిన మాట ఆ ఒక్కటే. ఆమెను తీసుకొచ్చినవాళ్లకు తెలుసు. కబురు మోసినవాడికి తెలుసు. రాజద్వారం దగ్గర ఊరియా పక్కన పడుకున్న సేవకులకు ఎంతో కొంత తెలిసే ఉంటుంది. ఊరియా ఇంటికి వెళ్లలేదని రాజుకు చెప్పింది ఎవరో ఒకరే కదా. చివరికి యోవాబు. అతను ఉత్తరం చదివాడు. కారణం అడగలేదు. పైగా వార్త తీసుకెళ్లేవాడికి, రాజుకు కోపమొస్తే ఏమని చెప్పాలో కూడా నేర్పించి పంపాడు.

వీళ్లలో ఎవరూ వ్యభిచారం చేయలేదు. తమ తమ పని చేశారు, అంతే. రాజు చేసిన పాపానికి ఒక సాయంత్రం సరిపోయింది. దాన్ని దాచడానికి మాత్రం తలా ఒక చిన్న పని చేసే మనుషులు కావలసివచ్చారు. ఏ కాలంలోనైనా దాచిపెట్టడం ఇలాగే నడుస్తుంది.

ఇరవై ఒకటో శతాబ్దంలోకి రండి. 2021 నవంబర్ 2న చైనా టెన్నిస్ క్రీడాకారిణి పెంగ్ ష్వాయ్ వైబో అనే సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టింది. మాజీ ఉప ప్రధాని, కమ్యూనిస్టు పార్టీ అత్యున్నత కమిటీలో ఒకప్పుడు సభ్యుడైన జాంగ్ గావోలి తనను లైంగిక సంబంధానికి బలవంతపెట్టాడని అందులో ఆరోపించింది. దాదాపు అరగంటలో ఆ పోస్టు మాయమైంది. ఆమె పేరుతో వెతికితే ఏమీ రాకుండా చేశారు. రెండు వారాలకు ప్రభుత్వ టీవీ ఒక ఈమెయిల్ బయటపెట్టింది. అంతా బాగుంది, ఆ ఆరోపణ నిజం కాదు అని ఆమె రాసినట్టుగా ఉంది అందులో. ఆ స్క్రీన్‌షాట్‌లో అక్షరాల మధ్య కర్సర్ గీత కూడా కనిపించింది. 2022 ఫిబ్రవరిలో ఆమె ఒక ఫ్రెంచ్ పత్రికతో మాట్లాడుతూ, తాను ఎవరి మీదా ఆరోపణ చేయలేదని, ఆ పోస్టు తానే తీసేశానని చెప్పింది. ఆమె పక్కన చైనా ఒలింపిక్ అధికారి కూర్చుని ఉన్నాడు. నిజం తేల్చే బహిరంగ విచారణ ఏదీ జరగలేదు.

నా వృత్తి వల్ల నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఒకటే. ఆ అరగంటలో డిలీట్ నొక్కింది ఎవరు? ఆయన ఉప ప్రధాని అయి ఉండడు. నాలాంటి ఉద్యోగి ఎవరో, జీతం కోసం పనిచేసేవాడు, సాయంత్రం ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టినవాడు అయి ఉంటాడు. యోవాబు ఎక్కడైనా ఉంటాడు.

3. నీళ్లకు అవతల

చైనా మనకు దూరం అనిపించవచ్చు. అందుకే కోవ్ గోపురం దగ్గరికి వస్తున్నాను. ఏ సంఘాన్నీ వేలెత్తి చూపడానికి ఇది చెప్పడం లేదు. ఈ దేశంలో మనం అతిథులం. నా పక్క సీట్లో కూర్చునే కాథలిక్ సహోద్యోగుల దయ నేను చాలాసార్లు రుచి చూశాను. కానీ క్రీస్తు పేరు మోసేవాళ్ల మధ్య జరిగింది గనుక మనం నేర్చుకోవాలి.

ఆ కెథెడ్రల్ క్లోయిన్ డయోసిస్‌ది. పిల్లల మీద గురువులు చేసిన లైంగిక అత్యాచారాల ఫిర్యాదుల్ని ఆ డయోసిస్ ఎలా చూసిందో పరిశీలించిన ప్రభుత్వ కమిషన్ నివేదిక 2011 జులై 13న బయటికి వచ్చింది. న్యాయమూర్తి ఇవాన్ మర్ఫీ దానికి అధ్యక్షురాలు. 1996 నుంచి 2009 ఫిబ్రవరి వరకు వచ్చిన ఫిర్యాదులను, 19 మంది గురువుల విషయాలను పరిశీలించారు. ఇలాంటివన్నీ పోలీసులకు తెలపాలని ఐరిష్ బిషప్‌లు 1996లో తామే నియమం పెట్టుకున్నారు. అయినా పోలీసులకు తప్పకుండా చెప్పవలసిన 15 ఫిర్యాదుల్లో 9 చెప్పనేలేదని కమిషన్ తేల్చింది.

ఆ నివేదికలో నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. అప్పటి బిషప్ జాన్ మేగీ, అంతకుముందు ముగ్గురు పోపులకు కార్యదర్శిగా ఉన్నవారు. ఒక గురువుతో తాను జరిపిన ఒకే సమావేశానికి ఆయన రెండు వేర్వేరు కథనాలు రాసిపెట్టారు. ఒకటి రోముకు పంపడానికి, ఇంకొకటి డయోసిస్ ఫైల్లో పెట్టడానికి. హార్బర్ ఇటువైపు మందుబిళ్ల రికార్డులో ఒక అంకె చెరపడానికి వీల్లేదు. అటువైపు బిడ్డల కన్నీళ్ల రికార్డు రెండు రకాలుగా ఉంది. ఆ నెల 20న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో లేచి వాటికన్‌ను బహిరంగంగా తప్పుపట్టారు. ఈ దేశంలో అంతకుముందు ఊహించలేని మాటలవి. దాచినందువల్ల సంఘం పరువు నిలబడలేదు. పిల్లల్ని బడికి పంపినట్టే ఆలయానికి పంపిన తల్లిదండ్రులు ఇప్పుడు ఆ గుమ్మం వైపు చూడరు. సువార్త చెప్పబోతే నా సహోద్యోగులు ముందు అడిగే ప్రశ్న కూడా దాని గురించే.

4. ఆమె మీదికి నెట్టడం

మన తెలుగు నేల మీదికి కూడా వెళ్దాం. 1978 మార్చిలో హైదరాబాద్‌లో, రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక పేద ముస్లిం స్త్రీని నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆమె మీద అక్కడ పోలీసులే అత్యాచారం చేశారు. అడగడానికి వచ్చిన రిక్షా కార్మికుడైన భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. నగరం అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు, కాల్పులు జరిగాయి. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదం ఏమిటో తెలుసా? ఆమె మంచిది కాదని, వ్యభిచారిణి అని, ఆ పెళ్లి పెళ్లే కాదని సాక్షుల్ని తెచ్చి నిలబెట్టారు. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో నిందితులంతా నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆమె పేరు అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. ఇప్పుడు చట్టం బాధితురాలి పేరు ప్రకటించనివ్వదు, నేనూ రాయను.

దీన్ని మన ప్రసంగాల పక్కన పెట్టి చూడండి. బత్షెబ మేడ మీద ఎందుకు స్నానం చేసిందని మనం ఎన్నిసార్లు వినలేదు? వాక్యం చూడండి. మేడ మీద ఉన్నది దావీదు. ఆమె చేసినది శుద్ధి స్నానం అని 11:4 చెప్తుంది. రాజు మనుషులు గుమ్మం ముందు నిలబడితే ఒక సైనికుడి భార్యకు కాదనే హక్కు ఎక్కడిది? నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానంలో పేదవాడి ఒళ్లో పెరిగిన గొర్రెపిల్ల ఏ తప్పూ చేయలేదు. దేవుడు పంపిన తీర్పులో ఆమె మీద ఒక్క నింద లేదు. దేవుడు వేయని నిందను మనం పుల్పిట్ మీద నుంచి ఎందుకు వేస్తున్నాం?

5. "అభిషిక్తుని ముట్టకూడదు" అనే మాట

మన సంఘాల్లో ఇలాంటి సంగతి వచ్చినప్పుడు మొదట వినబడే వాక్యం కీర్తన 105:15. అభిషేకం పొందినవాళ్ల జోలికి వెళ్లొద్దు, కాపరిని ప్రశ్నిస్తే శాపం వస్తుంది అంటారు. దయచేసి ఆ కీర్తనలో 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషిక్తులు ఎవరు? కొద్దిమందిగా ఉండి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరుగుతూ, పరాయి నేల మీద బతికిన అబ్రాహాము కుటుంబం. ముట్టవద్దని దేవుడు చెప్పింది ఎవరికి? రాజులకు. ఏ సందర్భంలో? ఆదికాండము 12, 20 అధ్యాయాల్లో ఫరో, అబీమెలెకు శారాను తమ ఇళ్లకు తీసుకుపోయినప్పుడు. అంటే అధికారం ఉన్నవాడి చేతిలోంచి వలస వచ్చిన ఒక స్త్రీని కాపాడటానికి దేవుడు పలికిన మాట అది. దాన్నే మనం అధికారం ఉన్నవాడిని కాపాడటానికి వాడుతున్నాం. వలస వచ్చిన మనమే ఇలా వాడటం ఎంత సిగ్గు!

సౌలును దావీదు చంపలేదు కదా అంటారు. అవును, చంపలేదు. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు చేస్తున్న అన్యాయాన్ని అతని సైన్యం వినేలా గట్టిగా చెప్పాడు (1 సమూయేలు 24). చెయ్యి ఎత్తకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. పౌలు కూడా రెండు వైపులా జాగ్రత్త చెప్పాడు. పెద్దల మీద నేరారోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా ఒప్పుకోవద్దన్నాడు. ఆ వెంటనే, పాపంలో కొనసాగేవాళ్లను అందరి ముందూ గద్దించమన్నాడు (1 తిమోతి 5:19-20). మొదటి వచనం అబద్ధపు నిందల నుంచి కాపాడుతుంది. రెండోది దాచిపెట్టడం నుంచి కాపాడుతుంది. మనం మొదటిది చదివి పుస్తకం మూసేస్తున్నాం.

ప్రేమ అనేక పాపాలను కప్పుతుందని పేతురు రాశాడు కదా, మరి దానికేమంటారు? నాకెవరైనా కీడు చేస్తే నేను క్షమించి ఊరుకోవడం ప్రేమ. ఇంకొకరికి జరిగిన కీడును, వాళ్ల నోరు నొక్కి నేను కప్పేయడం ప్రేమ ఎలా అవుతుంది? ఆ ఖర్చు నేను పెట్టుకోవడం లేదు, వాళ్ల చేత పెట్టిస్తున్నాను.

6. నా సంగతి

ఇంతవరకు ఇతరుల సంగతులు రాశాను. ఇది రాయకపోతే ఈ పాఠం రాసే హక్కు నాకు లేదు.

ఐర్లండ్‌కు రాకముందు వేరే దేశంలో, ఒక తెలుగు సహవాసంలో ఉండేవాణ్ణి. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ నేనే. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన ఒక సిస్టర్ ఒక రాత్రి గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టింది. విద్యార్థులకు ఇళ్లు చూసిపెట్టే, అందరూ గౌరవించే ఒక బ్రదర్ తనకు రాత్రిళ్లు పంపుతున్న మాటల గురించి రాసింది. నేను మొత్తం చదవకముందే ఫోన్ మోగింది. "తమ్ముడూ, ముందు అది తీసెయ్. అన్యులు కూడా ఉన్నారు గ్రూపులో, దేవుని నామానికి అవమానం. ఆదివారం అందరం కూర్చుని మాట్లాడదాం" అన్నారు ఒక పెద్దాయన. సరే అన్నా అన్నాను, తీసేశాను. రెండు సెకన్ల పని.

ఆదివారం ఆరాధన అయింది, భోజనాలు అయ్యాయి, ఎవరూ కూర్చోలేదు. నేనూ గుర్తుచేయలేదు. ఆ బ్రదర్ ఎప్పటిలాగే ప్రార్థన చేశాడు. ఆమె నెల తిరగకుండా రావడం మానేసింది.

అడ్మిన్ మెసేజ్ తీసేస్తే అక్కడ ఖాళీ ఉండదు. ఫలానా అడ్మిన్ దీన్ని తొలగించారు అని పేరుతో సహా ఒక వరుస మిగులుతుంది. ఆ గ్రూపులో ఇప్పటికీ పైకి వెళ్లి చూస్తే ఆ రాత్రి దగ్గర నా పేరే ఉంటుంది. ఆడిట్ ట్రెయిల్.

రింగాస్కిడీలో ఆ ఒక్క గీత నియమం నేర్చుకున్న తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నంబర్ సంపాదించి ఆమెకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, మర్నాడు ఒక్కరు కూడా నన్నేమీ అడగలేదు. మీరు తొందరగా తీసేశారు కదా, ఎవరూ చదవలేదేమో అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను" అంది. చాలామంది చదివారు. నాకు తెలుసు. ఆ మాట ఆమెకు చెప్పాను. అది విన్నాక ఆమె ఏడ్చింది. ఆ పెద్దాయనకు కూడా ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.

7. దేవుడు దిద్దే పద్ధతి

దావీదు దాచినదాని ఫలం తర్వాత ఏమైందో 13వ అధ్యాయం చెప్తుంది. కొడుకు అమ్నోను తామారును చెరిపాడు. అన్న అబ్షాలోము ఆమెతో ఊరుకోమన్నాడు. తండ్రి దావీదుకు చాలా కోపం వచ్చింది, కానీ ఏమీ చేయలేదు. ఏ నోటితో చేస్తాడు? తామారు మాత్రం అన్న ఇంట్లో ఒంటరిగా ఉండిపోయింది. క్షమాపణ దొరికిన ఇంట్లో కూడా, దాచిపెట్టే అలవాటు ఇంకో ఆడపిల్ల జీవితాన్ని తినేసింది.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని 12:1లో చివరి గుర్తు పెట్టండి. ఇంతసేపూ దావీదు పంపిస్తున్నాడు. ఇక్కడ యెహోవా నాతానును పంపిస్తాడు. రాజు మనుషులందరూ ఆగిన చోట దేవుని మనిషి కదిలాడు. గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని ముఖం మీద అన్నాడు. రహస్యంగా చేసినదానికి ఇశ్రాయేలంతటి ముందు తీర్పు జరుగుతుందని కూడా చెప్పాడు. పాపం చేశానని దావీదు ఒప్పుకున్నాడు. ప్రాణం దక్కింది.

32వ కీర్తన దావీదుది. అందులో "కప్పడం" అనే మాట రెండుసార్లు వస్తుంది. మొదటి వచనంలో పాపం కప్పబడినవాడు ధన్యుడంటాడు. అయిదో వచనంలో నేను నా దోషాన్ని కప్పుకోలేదంటాడు. మూడో వచనంలో మౌనంగా ఉన్నంతకాలం ఎముకలు క్షీణించాయంటాడు. మనిషి కప్పుకోవడం మానేసిన చోట దేవుడు కప్పుతాడు. రెండూ ఒకేసారి జరగవు. సామెతలు 28:13 కూడా ఇదే చెప్తుంది.

మరి దేవుడు క్షమించాక రికార్డు ఏమైంది? దినవృత్తాంతముల గ్రంథం రబ్బా యుద్ధం చెప్పి బత్షెబ సంగతి చెప్పకుండా సాగిపోతుంది. కానీ సమూయేలు గ్రంథాన్ని దేవుడు తీసేయలేదు, రెండూ మన బైబిల్లో ఉన్నాయి. 1 రాజులు 15:5 దావీదు యథార్థతను మెచ్చుకుంటూనే ఊరియా సంగతి తప్ప అంటుంది. మత్తయి 1:6లో మన ప్రభువు వంశావళిలోనే ఊరియా పేరు ఉంది. దావీదు చెరిపేయాలనుకున్న పేరు అది. అప్పుపత్రం సిలువ మీద కొట్టివేయబడింది, శిక్ష ఇక లేదు. అయినా చనిపోయినవాడి పేరు చదవడానికి వీలుగానే ఉంది. ఒకే గీత, కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. నాకిది భయం, ఆదరణ రెండూ ఇస్తుంది. నేను దాచక్కర్లేదు, ఎందుకంటే క్షమాపణ ఉంది. నేను దాచలేను కూడా, ఎందుకంటే ఆయన ఊరియాను మరచిపోడు.

8. మనం చేయవలసినది

మన సహవాసాలు చిన్నవి. అందరం బంధువుల్లా ఉంటాం. వీసా, ఇల్లు, ఉద్యోగం అన్నీ ఒకరి ద్వారా ఒకరికి దొరుకుతాయి. అందుకే సహాయం చేసేవాడికి తెలియకుండానే రాజు అధికారం వస్తుంది, కొత్తగా వచ్చినవాళ్లకు కాదనే ధైర్యం ఉండదు. కాబట్టి కొన్ని సంగతులు ఆలోచించండి.

ఒకటి, ఫిర్యాదు వినడానికి సంఘంలో ఇద్దరి పేర్లు ముందే ప్రకటించండి. అందులో ఒకరు తప్పకుండా సిస్టర్ అయి ఉండాలి. ఇద్దరూ కాపరి కుటుంబం వాళ్లు కాకుండా ఉంటే మంచిది.

రెండు, చిన్నపిల్లల విషయమైతే మనలో మనం మాట్లాడుకుని తేల్చుకునే అధికారం మనకు లేదు. ఐర్లండ్‌లో పిల్లల రక్షణ చట్టం 2017 డిసెంబర్ 11 నుంచి, గుర్తించిన ప్రమాదాన్ని టుస్లా అనే ప్రభుత్వ సంస్థకు చెప్పడం సంఘ కాపరులకు కూడా తప్పనిసరి చేసింది. సండే స్కూల్లో బోధించేవాళ్లకు గార్డా వెట్టింగ్ చేయించాలి. మా వాళ్లందరూ మంచివాళ్లే అని దాటేయకండి. కోవ్‌లోనూ అలాగే అనుకున్నారు.

మూడు, ఏం విన్నారో, ఎప్పుడు విన్నారో, ఏం చేశారో తేదీతో రాసిపెట్టండి. ఆరోపణ ఎదుర్కొన్న సహోదరుడికి కూడా అది మేలే. నిజం రాసి ఉన్న చోట పుకార్లకు బలం తగ్గుతుంది.

నాలుగు, ఈ రాత్రి మీకు ఫోన్ చేసి ఎవరైనా ముందు అది తీసెయ్ అంటే, ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, ఆమెతో ఎవరు మాట్లాడారు?" ఆ జవాబు వచ్చేదాకా వేలు కదపకండి.

కలిసి చర్చించుకోవడానికి:

11వ అధ్యాయంలో రాజుకు "కాదు" అనగలిగే అవకాశం ఎవరెవరికి వచ్చింది? వాళ్లు ఎందుకు అనలేదు?

మన సహవాసంలో ఒక కొత్త విద్యార్థినికి ఇబ్బంది కలిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆమెకు తెలుసా? ఈ ఆదివారం ఆమెనే అడగండి.

నేను ఎప్పుడైనా ఒక ఉత్తరం విప్పకుండా మోశానా? లేక విప్పి చదివి కూడా మోశానా?

ప్రార్థన: ప్రభువా, మేము రాజులం కాము గనుక నిర్దోషులమని అనుకున్నాము. మా చేతుల మీదుగా వెళ్లిన ఉత్తరాలను మాకు గుర్తుచేయండి. మేము మౌనంగా ఉన్నందువల్ల దూరమైన సహోదరీలను మీరు ఆదరించండి. వెళ్లి క్షమాపణ అడిగే ధైర్యం, నాతానులా నిలబడే ప్రేమ మాకు ఇవ్వండి. మా పాపాన్ని మేము కప్పుకోము, మీ రక్తంతో మీరే కప్పండి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.